కాడజెముడు కోసిన మధ్యాహ్నం

సందు మొదట్లో, మేడమెట్ల కింద, మంచం వేస్తే మనిషి నిలబడ్డానికి చోటు మిగలనంత జాగాలో గడియారాలమ్మ కొట్టు. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన తరువాత ముప్పై ఏళ్లుగా ఆ బల్ల ముందు ఆమే కూర్చుంటోంది. ఎడమకంటికి నల్లటి భూతద్దం బిగించి, వాచీ వెనక మూత తీసి, నువ్వుగింజలో సగం ఉండే మరను పట్టకారుతో ఎత్తి దాని చోట దాన్ని పెట్టేసేది. ఆ కాసేపూ ఊపిరి కూడా ఆచితూచి తీసుకునేది. మాట్లాడవద్దని ఎవరికీ చెప్పేది కాదు. ఆగిపోయిన వాచీ ఒకటి తెచ్చి గంటసేపు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాళ్లుంటారు కదా, వాళ్లు కూడా ఆ నల్లకన్ను తమ వైపు తిరగగానే గొంతు తగ్గించేవారు.

మొక్కల మీద ఆమెకు మొదట్నుంచీ మోజేమీ లేదు. భర్త జబ్బుపడి, చివరికి దక్కకుండా పోయిన ఏడాది కొట్టు రెండు నెలలు మూతబడింది. మళ్లీ తెరిచిన రోజున సొరుగు లాగితే, సగం విప్పి వదిలేసిన చేతివాచీ పక్కన ఒక దళసరి ఆకు కనిపించింది. ఎవరి సంచిలోంచి రాలిందో ఏమో. నీళ్లు లేవు, మట్టి లేదు, వెలుతురు అసలే లేదు. అయినా తెగిన కొసన గులాబీరంగు వేళ్లు నాలుగు, వాటి నడుమ ఆవగింజంత మొలక. భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూసింది. సీసామూతలో ఇసుక పోసి, ఆకును దాని మీద పడుకోబెట్టి, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లింది.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి మూడో అంతస్తులోని ఆమె వాటా కిటికీల నిండా అవే. అరల మీద గుప్పెడంత కుండీల్లో, ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలు యాభైకి పైగా. కిటికీ ఊచలకు సన్నని ఇత్తడి తీగతో వేలాడుతూ, మట్టితో పనిలేని గాలిమొక్కలు పధ్నాలుగు. "మిగతా మొక్కలు నీళ్లు పొయ్యకపోతే చస్తాయి, ఇవి పోస్తే చస్తాయి" అని నవ్వేది. మట్టిలో సగానికి పైగా గరుకు ఇసుక, ఇటుక నలగ్గొట్టిన రవ్వ కలిపేది. ఆకు కాస్త ముడతపడి, నొక్కితే మెత్తగా అనిపించేదాకా చెంబు ముట్టుకునేది కాదు. గాలిమొక్కలను వారానికోసారి గిన్నె నీళ్లలో అరగంట ముంచి, తలకిందులుగా పట్టుకుని విదిలించి, తువ్వాలు మీద ఆరబెట్టి, ఆకుల మొదళ్లలో చుక్క నీరు నిలవలేదని చూసుకున్నాకే మళ్లీ తీగకు తగిలించేది. నీరు నిలిస్తే లోపల్నుంచి కుళ్లుతాయి. పైకి తెలిసేసరికి ఆకులన్నీ చేతిలో ఊడి వస్తాయి.

వీటన్నిటిలో పొడుగుది కాడజెముడు. దానికి చెప్పుకోదగ్గ ఆకులుండవు, పెన్సిళ్లు గుత్తులుగా కట్టినట్టు పచ్చటి కాడలే. వేలెడు ముక్క తెచ్చి నాటితే ఆరేళ్లలో బాల్కనీలో ఆమె తల దాటింది. ఎక్కడ గిల్లినా తెల్లటి పాలు బొటబొటా కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే దద్దుర్లు, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు. తెలుసు కాబట్టే దాన్ని గది బయట పెట్టింది, తెలుసు కాబట్టే ఇన్నేళ్లూ దాని జోలికి వెళ్లలేదు.

కూతురు రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది. అల్లుడు ఓడరేవులో క్రేను నడుపుతాడు. పాప పుట్టాక ముగ్గురూ వచ్చి ఆమె దగ్గరే ఉంటున్నారు. మనవరాలికి మూడో ఏడు. నోరు ఊరుకోదు, కాలు ఊరుకోదు. ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. మిగతా రోజులు పిల్లల కేంద్రంలో దింపినా, గురువారం కొట్టుకు సెలవు కాబట్టి ఆ రోజు పిచ్చుక పూర్తిగా అమ్మమ్మది.

పై వాటావాళ్ల బట్టలమిషను గొట్టం ఎప్పట్నుంచి కారుతోందో, కాడజెముడు కుండీలోకి నీరు చుక్కలు చుక్కలుగా దిగింది. మొదలు మెత్తబడింది. చెట్టు తలుపు వైపు ఒరిగింది. తాడుతో ఊచకు కట్టింది కానీ కూతురి కంట పడనే పడింది. పిల్ల తిరిగే ఇంట్లో ఈ విషం ఎందుకని కూతురు చాలాకాలంగా అడుగుతూనే ఉంది. ఈసారి అడగలేదు, చెప్పింది. ఆదివారం తాను ఇంట్లో ఉంటుంది, పిల్లను తండ్రి బయటికి తీసుకెళ్తాడు, తల్లీకూతుళ్లిద్దరూ కలిసి దాన్ని కోసి గోనెసంచిలో కట్టి పారేయాలి. అంతవరకూ బాల్కనీ తలుపు తీయకూడదు. గడియారాలమ్మ సరేనంది. అనడమైతే అంది కానీ, తాను పని చేస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి చూడడం ఆమెకు ఏనాడూ గిట్టదు.

గురువారం మధ్యాహ్నం పిచ్చుక అన్నం తిని నిద్రపోయింది. గడియారాలమ్మ బొమ్మలు ఏరుతూ అద్దపు తలుపులోంచి బయటికి చూసింది. చెట్టు మరో జానెడు ఒరిగింది. తాడు జారి కిందికి వచ్చేసింది. ఇంకాస్త వంగితే తలుపును తోసుకుని గదిలో పడుతుంది. పడితే వంద చోట్ల విరుగుతుంది. విరిగిన ప్రతిచోటా పాలే. పిచ్చుక బొమ్మలు పరుచుకునేది సరిగ్గా ఆ తలుపు ముందే. ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. పని చూస్తే అరగంటది. పిల్ల లేవడానికి గంట పైనే పడుతుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు, పిల్ల లెక్క ప్రకారం నిద్రపోతే.

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది. అల్లుడు రేవులో పెట్టుకునే ప్లాస్టిక్ కళ్లద్దాలు తగిలించుకుంది. బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. ఆ తలుపుకు గడియ లోపలివైపే ఉంది, బయటివైపు లేదు.

పైనుంచి మొదలుపెట్టి ఒక్కో కొమ్మనూ కత్తెరతో తుంచి గోనెసంచిలోకి దించింది. పాలు తొడుగుల మీద పడ్డాయి, నేల మీద పడ్డాయి, మణికట్టు దాటి మోచేతుల దాకా పాకాయి. ఎండ నెత్తిన కొడుతోంది. చెమట ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. రెండుసార్లు ఆగి తుడుచుకుంది. మూడోసారి విసుగు పుట్టి నుదుటి మీదికి తోసేసింది. ఇక మిగిలింది మొండెం ఒక్కటే కదా, చిన్న రంపంతో పదిసార్లు లాగితే అయిపోతుంది.

మొండెం లోపలంతా కుళ్లి ఉంది. నాలుగోసారి లాగేసరికే విరిగిపోయింది. విరిగిన పై ముక్క కొరడాలా తిరిగొచ్చి గోడకు తగిలి పగిలింది. చల్లటిదేదో నుదుటి మీద, రెప్పల మీద చిందింది. కళ్లు అప్పటికే మూసేసింది. లోపలికి పోలేదు. అలాగే ఉండిపోయి ఉంటే సంగతి వేరుగా ఉండేది. కానీ చెమట కంట్లోకి జారకుండా మణికట్టుతో తుడుచుకోవడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. తుడుచుకుంది. మణికట్టు నిండా పాలే.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తరువాత రెండు కళ్లలోనూ ఎవరో నిప్పుకణికలు పెట్టి రెప్పలు మూసినట్టయింది. తెరుద్దామంటే తెరుచుకోలేదు. తొడుగులు లాగి పారేసింది. లాగడంలో వేళ్లకూ జిగురు అంటింది. నీళ్లు కావాలి, వెంటనే కావాలి, ఇంకేమీ తోచలేదు. గోడ ఆనవాలు పట్టుకుని తలుపు వైపు తిరిగింది.

తలుపు కిర్రుమంది. తీసింది ఆమె కాదు.

"అమ్మమ్మా," అంది పిచ్చుక నిద్రగొంతుతో. కాస్త ఆగి, ముచ్చటపడుతూ, "పాలు," అంది.

 పిల్ల గడపలో ఉంది. వట్టి కాళ్లు. తెల్లటి చుక్కలు గడప దాకా పడి ఉన్నాయని ఆమెకు తెలుసు. అరిస్తే పిల్ల బెదిరి ముందుకైనా పరిగెడుతుంది, ఏడుస్తూ కళ్లైనా నులుముకుంటుంది. ఎత్తుకుందామంటే తన చేతులే విషం. కళ్లు కనిపిస్తే రెండడుగుల పని. ఇప్పుడు ఆ చిట్టిచేతులు ఎక్కడున్నాయో, దేని మీదికి పోతున్నాయో తెలియదు. రోజూ బొమ్మలాట ఆడేటప్పటి గొంతు ఎక్కడినుంచి తెచ్చుకుందో, తెచ్చుకుంది.

"పాలు కాదు బంగారం, అది జిగురు. ముట్టుకుంటే చేతులు అతుక్కుపోతాయి. నన్ను చూశావా, కళ్లు మూసేసుకున్నాను. ఇది కొత్త ఆట. నువ్వు పాట పాడుకుంటూ స్నానాలగదికి నడవాలి. నేను చూడకుండా, నిన్ను ముట్టుకోకుండా, నీ గొంతు విని వెనకే రావాలి."

"మరి నేను గెలుస్తానా?"

"నువ్వే గెలుస్తావు. పద. పాడు."

పిల్లల కేంద్రంలో నేర్పిన బాతుల పాట మొదలైంది. గొంతు ఒక అడుగు వెనక్కి జరిగింది, ఇంకో అడుగు జరిగింది. గడియారాలమ్మ దేనికీ తగలకుండా చేతులు రెండూ పైకెత్తి, మోకాళ్లతో కుర్చీని తోసుకుంటూ, ఆ గొంతు వెంట నడిచింది. కళ్లలో మంట తలలోకి పాకుతోంది. ముక్కువెంట, బుగ్గలవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆరో బాతు దగ్గర పాట ఆగిపోయింది.

"పిచ్చుకా?"

జవాబు లేదు. ఆ పిల్ల మెలకువగా ఉండగా ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. వేలు నోట్లోకి పోయిందా, కంట్లోకి పోయిందా, మళ్లీ బాల్కనీ వైపు మళ్లిందా. ఒక్క అడుగు తప్పు వేస్తే పిల్ల మీదే పడుతుంది. నిలబడిపోయి చెవులు రిక్కించింది. కింద ఎక్కడో, తన కాళ్ల దగ్గరగా, చిన్న మూలుగు వినిపించింది.

"ఇదిగో నా చెప్పు," అంది పిచ్చుక. "నిన్నంతా కనపళ్లేదు."

చెప్పు దొరికిన సంబరంలో పాట మళ్లీ మొదటి బాతునుంచి మొదలైంది. స్నానాలగది చేరాక గడియారాలమ్మ భుజంతో తలుపు మూసి, పిల్లను తిరగేసిన బకెట్టు మీద కూర్చోమని చెప్పి, కొళాయి తిప్పింది. నీళ్లు పడుతున్న చప్పుడు వినగానే తల దాని కింద పెట్టేయాలని ఒళ్లంతా కొట్టుకుపోయింది. పెట్టలేదు. పిచ్చుకకు నోట్లో వేలు పెట్టుకునే అలవాటుంది, నిద్ర లేవగానే మరీను. ముందు తన చేతులు మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు తోముకుంది. అప్పుడు పిల్ల చేతులు ఇమ్మంది. కుడిచెయ్యి బాగానే ఉంది. ఎడమచేతి చూపుడువేలి కొస జిగురుగా తగిలింది.

"ఈ వేలు నోట్లో పెట్టుకున్నావా?"

పలకలేదు. తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో, చూసేదెవరు.

"అమ్మమ్మకు కనబడదు కదమ్మా. నోటితో చెప్పు."

"పెట్టలే."

నిజం చెప్పే వయసూ అదే, అబద్ధమాడే వయసూ అదే. గడియారాలమ్మ ఆ వేలు కడిగింది, మళ్లీ కడిగింది, మూతి కడిగింది, నోరు పుక్కిలింపజేసింది, పాదాలు కడిగింది. అప్పటికి గానీ తన ముఖం కొళాయి కింద పెట్టలేదు.

ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా కడగాలని ఎక్కడో విన్నది గుర్తుంది. గడియారం చూడకుండా సెకన్లు లెక్కపెట్టడం ఆమెకు కొట్టిన పిండి. అరవై అయినప్పుడల్లా ఒక వేలు ముడుస్తూ, మరో చేత్తో రెప్పలు విడదీసి పట్టుకుంటూ, పైకే లెక్కపెట్టింది. పిచ్చుక కూడా అందుకుంది. దాని లెక్కలో ఏడు తరువాత తొమ్మిది వస్తుంది. వచ్చిన ప్రతిసారీ గడియారాలమ్మకు ప్రాణం లేచొచ్చేది: పిల్ల మాట్లాడుతోంది, నోరు మండడం లేదు.

నాలుగు వేళ్లు ముడిచాక, ముఖం నీళ్ల కిందే ఉంచి, ఇత్తడి చెంబు అందుకుని గోడవార గొట్టాన్ని కొట్టడం మొదలుపెట్టింది. కింది వాటాలో దర్జీ ఉంటాడు. అతని మిషను చప్పుడు ఆ గొట్టంలోంచే పైకి వినిపిస్తుంది. అలాంటప్పుడు తన చప్పుడు కిందికి వినిపించాలి కదా. మిషను నడుస్తోంది. మూడేసి దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ మూడేసి దెబ్బలు కొట్టింది. మిషను ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ నడిచింది. ఈసారి ఆపకుండా కొట్టింది. మిషను ఆగింది. కాసేపటికి మెట్ల మీద అడుగులు, ఆ వెంటనే వీధితలుపు మీద గుద్దులు.

ఆ తలుపుకు పైగడియ వేసి ఉంది, పిల్లకు అందదు. గడియారాలమ్మ కొక్కేనికున్న ఉతికిన తువ్వాలు పిల్ల చుట్టూ కప్పి, తన బట్టలు దానికి తగలకుండా ముందుకు చాచి ఎత్తుకుని, గోడకు భుజం రాసుకుంటూ పదకొండడుగులు వేసి గడియ తీసింది.

"ముందు పిల్లను అందుకో అన్నయ్యా," అంది. "నా బట్టలకు తగలనివ్వకు. కళ్లలో జెముడుపాలు పడ్డాయి."

దర్జీ మెడలో కొలతటేపుతో అలాగే వచ్చేశాడు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పిల్లను అందుకున్నాడు, బాల్కనీ తలుపుకు లోపలి గడియ పెట్టాడు, ఆమె కూతురికి ఫోన్ చేశాడు, టాక్సీ పిలిచాడు. దారంతా ఒక సీసా నీళ్లు ఆమె కళ్ల మీద పోస్తూనే ఉన్నాడు. టాక్సీవాడు సీటు తడుస్తోందని గొణిగితే, "తడిస్తే ఆరుతుంది, నువ్వు ముందు చూసి నడుపు" అన్నాడు.

ఆసుపత్రిలో పిచ్చుకను వేరే గదిలో మూడు గంటలు కూర్చోబెట్టి చూశారు. వేలికొస మీద నాలుగు ఎర్రటి చుక్కలు తప్ప ఏమీ లేవు. నోరు, నాలుక, గొంతు శుభ్రంగా ఉన్నాయి. పిల్ల చెప్పింది నిజమే. ఆ కబురు చెవిన పడ్డాకే గడియారాలమ్మ మొదటిసారి మంచం మీద వెనక్కి వాలింది.

కళ్లడాక్టరమ్మ మళ్లీ కడిగింది, చుక్కలు వేసింది, లైటు పెట్టి చాలాసేపు చూసింది. పాలు పడ్డ ఎంతసేపటికి కడిగారని అడిగింది. అయిదారు నిమిషాలు పట్టిందని గడియారాలమ్మ చెప్పింది.

"వెంటనే కడిగి ఉంటే బాగుండేది," అంది డాక్టరమ్మ. "కుడికన్ను పర్వాలేదు. ఎడమదానికి ఎక్కువ తగిలింది. రేపూ ఎల్లుండీ చూపు ఇంకా తగ్గుతుంది, కంగారు పడకండి. ఆ తరువాత మెల్లగా తిరిగొస్తుంది."

"మొత్తం వస్తుందా?"

"చూద్దాం."

ఆశలేని వాచీ తెచ్చినవాళ్లకు గడియారాలమ్మ ముప్పై ఏళ్లుగా చెప్పిన మాట అదే. 

కూతురు పనిచేసే చోటినుంచి ఆ బట్టలతోనే పరుగెత్తుకొచ్చింది. ముందు పిల్లను చూసి, తరువాత తల్లి దగ్గరికి వచ్చింది.  "ఆదివారం దాకా ఆగమన్నాను కదమ్మా," అంది. గొంతు పెంచలేదు. "నేను పట్టుకుంటానన్నాను కదా."

చెట్టు ఒరిగిన సంగతి, తాడు జారిన సంగతి చెప్పుకోవచ్చు. గడియారాలమ్మ చెప్పలేదు. "ఆగలేకపోయాను," అంది.

డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. రెండోరోజుకు కుడికన్ను మసకబారింది, ఎడమకంటికి కిటికీ ఎటుందో మాత్రం తెలిసింది. మూడోరోజుకు అదీ తెలియలేదు. ఇలాగే జరుగుతుందని ముందే చెప్పారు కదా అని తనకు తాను వందసార్లు చెప్పుకుంది. మంచం మీద కూర్చుని బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఆనించి, పట్టకారు పట్టుకున్నట్టు తెరుస్తూ మూస్తూ ఉండేది. కొట్టులో విప్పి పెట్టిన వాచీలు ఎన్ని, ఎవరివి, ఏ సొరుగులో ఏ మర ఉందో తలుచుకునేది. ఆ కన్ను రాకపోతే వాటిని ఎవరి చేతిలో పెట్టాలో కూడా ఆలోచించింది. ఎవరూ తట్టలేదు.

ఇల్లు కూడా మారిపోయింది. కిటికీలోంచి గాలి నేరుగా ముఖానికి కొడుతోంది. అంటే అరలు ఖాళీ అయ్యాయి. కూతురు కుండీలన్నీ అట్టపెట్టెల్లో సర్ది మేడమెట్ల పైకి చేర్చేసింది. మిగిలిన కాడజెముడు ముక్కలను అల్లుడు రెండేసి తొడుగులు వేసుకుని కట్టి పారేసి, బాల్కనీ నాలుగుసార్లు కడిగాడు. కూతురు చుక్కల మందు వేళకు వేసేది, అన్నం కలిపి చేతికిచ్చేది, అంతకుమించి మాట్లాడేది కాదు. తల్లి కూడా మొక్కలేవని అడగలేదు. పిచ్చుక ఒక్కటే మామూలుగా ఉంది, ఒక్క విషయంలో తప్ప: పాలగ్లాసు చూస్తే చాలు చేతులు వెనక్కి పెట్టుకుని, అతుక్కుపోతాయని ఆమడదూరం పారిపోయేది. గ్లాసు పక్కన పెట్టి పెరుగు పెట్టారు. అది తెల్లగా ఉందని దాన్నీ నమ్మలేదు.

ఆరోరోజు సాయంత్రం కూతురు బట్టలు మడతపెడుతోంది. పిచ్చుక తన బొమ్మకు ఆ రోజు కథ చెబుతోంది. అప్పటికి అది చాలామందికి చాలాసార్లు చెప్పింది కానీ, ఎవరూ చివరిదాకా వినలేదు. అమ్మమ్మ కళ్లు మూసుకుంది, నేను పాట పాడాను, చెప్పు దొరికింది, అమ్మమ్మ నా చేతులు కడిగింది, వేలు కడిగింది, మూతి కడిగింది, కాళ్లు కడిగింది, తర్వాత అమ్మమ్మ ముఖం కడుక్కుని ఏడ్చింది.

కూతురి చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది.

మందు వేళకు తల్లి దగ్గరికి వచ్చి కూర్చుంది. మొదటి చుక్క బుగ్గ మీద పడింది. రెండోదీ అంతే.

"ముందు దాని చేతులు కడిగావా?"

"ఊఁ."

"డాక్టరుకు చెప్పావా?"

"కళ్లెప్పుడు కడిగావని అడిగింది, చెప్పాను. అంతకుముందు ఏం చేశావని అడగలేదు."

"నాకైనా చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే నువ్వు తిట్టడం మానేసేదానివి," అంది గడియారాలమ్మ. "తిట్టించుకోవాల్సిన పనే చేశాను."

కూతురు తల్లి తల తన ఒళ్లోకి వాల్చుకుని, రెప్ప విడదీసి, మూడో చుక్క సరిగ్గా కంట్లో వేసింది.

మర్నాడు మెట్ల పైనుంచి ఒక పళ్లెం తెచ్చి మంచం మీద పెట్టింది. గాలిమొక్కలన్నీ బూడిదరంగులోకి తిరిగాయని, చచ్చినట్టున్నాయని, పారేయనా అని అడిగింది. గడియారాలమ్మ ఒక్కోదాన్నీ తీసుకుని వేళ్లతో తడిమింది. అంచులు లోపలికి చుట్టుకుని, ఆకు సగం గొట్టంలా అయింది. మొదలు మాత్రం గట్టిగా ఉంది. అది దాహమే కానీ చావు కాదని, రాత్రంతా కాకుండా ఓ గంట ముంచితే చాలని చెప్పింది. ఒకదాన్ని ముట్టుకోగానే మధ్య ఆకు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని పక్కన పెట్టించింది. మిగతావాటిని కూతురే ముంచింది, తలకిందులు చేసి విదిలించింది. నీళ్లు తుంపరగా తల్లి మోకాళ్ల మీద పడ్డాయి. ఇంకా విదిలించు, ఇంకా ఉంది, చప్పుడు వింటే తెలియడం లేదా అని తల్లి కసిరింది. తెలియడం లేదంది కూతురు. అలా మొదలైన మాటలు ఆ తరువాత ఆగలేదు.

పదోరోజుకు కుడికన్ను తేటపడింది. మొదట స్పష్టంగా కనిపించింది పిచ్చుక పెరుగుగిన్నెను మంచం కిందికి తోయడం. ఎడమకన్ను కూడా తిరిగొచ్చింది కానీ పూర్తిగా రాలేదు. అద్దం మీద ఊపిరి వదిలినట్టు ఒక మసక మిగిలిపోయింది. నెల తరువాత చూసి డాక్టరమ్మ, ఇక ఇంతకన్నా పెద్దగా మారకపోవచ్చని ఉన్నమాట చెప్పింది.

కొట్టు తెరిచి భూతద్దం కుడికంటికి బిగించుకుంది. కన్ను మారితే చెయ్యి కూడా కొత్తదైపోతుందని ఆమెకు తెలియదు. మర పక్కన పట్టకారు వాలేది. మొదటి రోజే ఒక స్ప్రింగు ఎగిరి ఎటో పోతే, నేల మీద పాకుతూ సాయంత్రం దాకా వెతికింది. చిన్న ఆడవాచీలు తెచ్చినవాళ్లకు, ఇప్పుడు తన వల్ల కాదని, రెండు నెలలాగి రమ్మని చెప్పింది. ఆ మాట అన్న ప్రతిసారీ ముఖం ఎర్రబడేది. కొందరు వేరేచోటికి వెళ్లారు. కొందరు వాచీ అక్కడే వదిలేసి, ఎప్పుడైతే అప్పుడే ఇమ్మన్నారు. మూడో నెల చివర్లో చిన్నవాచీ ఒకటి మొత్తం విప్పి, కడిగి, మళ్లీ కూర్చింది. మునుపు గంటలో అయ్యేది రెండురోజులు పట్టింది. అది నడిచింది.

కుండీలు కిందికి తెచ్చే ముందు కూతురు ఒక షరతు పెట్టింది. ఆదివారం పిచ్చుకను తండ్రి బయటికి తీసుకెళ్లాక, తల్లీకూతుళ్లిద్దరూ కళ్లద్దాలు, తొడుగులు పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఒక్కో మొక్కనుంచి ఆకో కొసో గిల్లి కాగితం మీద పెట్టారు. నీళ్లలాంటి పసరు వస్తే మామూలే. తెల్లటి పాలు వచ్చినవి నాలుగు తేలాయి. అందులో ఒకటి గడియారాలమ్మకు ప్రాణం. దాన్నీ తనే పెట్టెలో పెట్టింది. ఇంట్లో పిల్లలు లేని మొక్కల అంగడాయన, సంగతంతా విని, వాటిని తీసుకెళ్లాడు. మిగతావాటి పేర్లు కూడా అతనికి చూపించి, పిల్ల నమిలినా ప్రమాదం లేనివేవో అడిగి, వాటినే కింది అరలో ఉంచారు.

అప్పట్నుంచీ కత్తెర పట్టాల్సిన పనేదైనా కూతురు ఇంటికొచ్చాకే. తల్లిమొక్క పక్కన పిలకలు కిక్కిరిసిపోయిన కుండీ ఒకటి ఉంటే, తరువాతి ఆదివారం ఇద్దరూ కలిసి విడదీశారు. కూతురు లాగడంలో ఒక పిలక వేరు తెగింది. పర్వాలేదు, పుండు ఆరేదాకా నాలుగురోజులు నాటకుండా వదిలేస్తే కొత్త వేళ్లు వస్తాయని తల్లి చెప్పింది. పిచ్చుక తనకూ ఒకటి కావాలని పేచీ పెట్టింది. బొటనవేలంత పిలకను పెరుగుకప్పులో నాటి, దాని పేరున ఇచ్చారు. వారం దాకా నీళ్లు పొయ్యకూడదని ముగ్గురూ మూడుసార్లు చెప్పారు. అలాగేనని మూడుసార్లూ తలూపింది. రెండోరోజే ఎవరూ చూడకుండా నిండు గ్లాసు పోసి, మర్నాడు ఇంకో గ్లాసు పోసింది. పదిరోజులకు ఆ మొక్క మెత్తబడి కుళ్లిపోయింది. ఇంకొకటి ఇచ్చారు.